మామయ్య రివాల్వర్‌కు నేను కట్టిన విలువ

లారీ మిల్లు గేటు దాటుతుండగానే అందులో జామాయిల్ కర్ర ఎన్ని టన్నులుందో, ఎంత పచ్చిగా ఉందో కంటిచూపుతో చెప్పేస్తాను. సారపాక కాగితం మిల్లులో, కర్ర యార్డులో ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం. నిజానికి బరువు చెప్పేది కాటా, తడి చెప్పేది మిషను. నన్నెవరూ అడగరు. అయినా అవి చెప్పేలోపే నేనొక అంకె చెబుతాను, డ్రైవర్లు "అవ్ సార్, గంతే ఉంటది" అని తలూపుతారు. లారీ జల్దీ ఖాళీ కావాలంటే ఎవరైనా తలూపుతారన్న సంగతి నాకు తోచలేదు. నాది దివ్యదృష్టి అనుకున్నాను.

ఆ దృష్టి కర్ర దగ్గర ఆగి ఉంటే బాగుండేది. పాత వస్తువుల వయసు, అరుదు, విలువ తేల్చే వీడియోలు ఫోనులో ఓ రెండేళ్లు వదలకుండా చూశాను. అన్నీ ఇంగ్లీషువి. సగం అర్థం కాలేదు, మిగతా సగంతోనే నిపుణుణ్నయ్యాను. మా పక్క క్వార్టర్‌లో ఉండే ఎలక్ట్రీషియన్ ఒకరోజు రాగి నాణెం ఒకటి తెచ్చి చూపించాడు. ఒకవైపు సీతారాముల పట్టాభిషేకం, ఇంకోవైపు అరిగిపోయిన అక్షరాలు. భూతద్దం పెట్టి పావుగంట చూసి, తక్కువలో తక్కువ మూడు వందల ఏళ్లదన్నాను. పాపం ఆయన దాన్ని పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు. నెల తిరక్కుండానే నన్ను చేయి పట్టుకుని భద్రాచలం తీసుకెళ్లి, గుడి దగ్గర దుకాణంలో అవే నాణేలు పళ్లెంలో కుప్ప పోసి అమ్ముతుంటే చూపించాడు. నేనేమైనా తగ్గానా? "ఇవి నకళ్లు, నీది అసలు" అన్నాను. అప్పటి నుంచి మా ఆవిడ ఇంట్లోకి ఏ పాత సామాను వచ్చినా ముందు నా కంట పడకుండా దాస్తుంది.

దాచడానికి వీల్లేనిది ఒకటి ఆమె పుట్టింట్లోనే ఉంది. మా మామయ్య కల్లూరు దగ్గర ఊళ్లో మిర్చి, పత్తి వేసే రైతు. ఆయన దగ్గర లైసెన్సున్న రివాల్వర్ ఒకటి ఉంది. పెళ్లిచూపులనాడే దాన్ని చూశాను. దాన్ని చూసి మోజుపడి పెళ్లికి ఒప్పుకున్నానని మా ఆవిడ అంటుంది, భయపడి ఒప్పుకున్నానని నేనంటాను.

అది వాళ్లింటికి వచ్చిన కథ ఇది. మామయ్య నాన్న తెల్లదొరల కాలంలో భద్రాచలం అడవుల్లో ఎడ్లబండి తోలేవాడు. క్యాంపులో ఒక ఫారెస్టు దొరకు అడవి జ్వరం పట్టుకుని ఒళ్లు తెలియకుండా పడిపోతే, రెండు రోజులు బండి తోలి గోదావరి ఒడ్డుకు చేర్చి పడవ ఎక్కించాడట. దొర బతికాడు. కొన్ని నెలల తర్వాత సొంత దేశం వెళ్లిపోతూ బండివాణ్ని పిలిపించుకుని, తన రివాల్వర్ తీసి ఇచ్చాడట. లైసెన్సు ఆ తర్వాత ఎప్పుడో ఇంట్లోవాళ్లే తీసుకున్నారట. మామయ్య చెప్పే కథ ఇంతవరకే.

ఊరు చెప్పే కథ వేరు. ఒళ్లు తెలియని మనిషి నడుముకున్నది ఊడబెరుక్కుంటే ఎవడు చూడొచ్చాడు అంటుంది ఊరు. పగతో అనే మాట కాదు, సరదాకి అనేదే. కానీ మామయ్య చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రావాలి. మామయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, రివాల్వర్‌ను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని బయల్దేరితే, ఊరి మధ్య చాయ్ హోటల్ దగ్గర ఎవరో ఒకరు "ఏందే, దొరసొత్తు మళ్ల దొరలకే ఇయ్యవోతున్నవా?" అనేవారు. అందరూ నవ్వేవారు. మామయ్య కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదని అత్తమ్మ చెప్పేది.

కిందటేడు మామయ్యకు డెబ్బై తొమ్మిది వచ్చాయి. చేయి వణుకుతోంది. లైసెన్సు మళ్లీ రెన్యువల్ చేయించుకోవడం కష్టమనీ, లైసెన్సున్న షాపుకు అమ్మేయడమో స్టేషన్లో శాశ్వతంగా అప్పజెప్పడమో చేయమనీ పోలీసులు చెప్పారట. దసరాకు మేం వెళ్లినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ సంగతి చెప్పాడు. అక్కడ నేను నోరు మూసుకుని పాయసం తిని ఉంటే ఈ కథే లేదు.

"అట్లా ఇచ్చేయకండి మామయ్యా. ప్రతి తుపాకీ మీదా గుర్తులుంటాయి. చదవడం తెలిసినవాడికి దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ అవే చెబుతాయి" అన్నాను.

మామయ్య పాయసం గిన్నె కింద పెట్టాడు.

"ఇచ్చిందా, ఎత్తుకొచ్చిందా అన్నది గూడ తెలుస్తదా?"

"తెలియకేం!" అన్నాను. ఏ వీడియోలోనూ అలాంటిది చూడలేదు. కానీ నోట్లోంచి వచ్చేసింది.

"అయితే చూడు అల్లుడూ. పైసల సంగతి నాకు పట్టదు. మా నాయన సంగతి తేలిపోతే సాలు. నేను పొయ్యేలోపల తేలాలె."

ఆ మాటకు నాకు గర్వం కలిగింది. భయం కలగాల్సిన చోట గర్వం కలగడం నా జాతకంలో ఉంది.

ఆ ఇంట్లో ఆయుధపూజకు గడ్డపారలు, కొడవళ్లు, ట్రాక్టర్ పానాలు కడిగి, చింతపండుతో తోమి వరసగా పేరుస్తారు. రివాల్వర్‌ను మాత్రం కడగరు. తోమరు. నూనెలో కలిపిన పసుపు పూసి బొట్టు పెడతారు, అంతే. మామయ్య తల్లి కాలం నుంచీ అదే పద్ధతి. ఏళ్ల తరబడి పూసిన పసుపు, నూనె, కుంకుమ గట్టిగా కరడుకట్టి, పిడికి పైన ఇనుము ఏ రంగో తెలియకుండా ఉంది. ఎండ పడే వేళ అరుగు మీద పెట్టి, తడిగుడ్డతో పైపైన తుడిచి నాలుగు ఫొటోలు తీశాను. పిడి వెనక వంపులో ఏవో సన్నని గీతలు కనిపించాయి. కొడవళ్లతో కలిపి పెడితే గీరుకుపోక ఏమవుతుందని విసుక్కున్నాను. ఆ ఫొటోలను, బండివాడి కథతో సహా, హైదరాబాదులో ఒక తుపాకుల షాపు యజమానికి వాట్సాప్‌లో పంపాను. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. లైసెన్సు, లైసెన్సుదారు, తుపాకీ, మూడూ కలిసి రావాలని.

అంత పెద్దమనిషి రమ్మన్నాడంటే అది అరుదైనదే అయి ఉండాలి. ఆ సంగతి నేను హోటల్ దగ్గర కూడా చెప్పాను. మామయ్య నా పక్కనే నిలబడ్డాడు, ఆ రోజు అందరి చాయ్ కూడా తనే ఇప్పించాడు.

ఇక ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం సంగతి. పెళ్లిచూపులకు కూర్చునే పిల్లకు ముఖం కడగరా? రివాల్వర్ అలా పసుపు కొమ్ములా ఉంటే షాపాయన ఏమనుకుంటాడు? చింతపండు నానబెట్టమని అత్తమ్మను అడిగాను.

"దాన్ని కడగద్దు బాబూ. మా అత్తగారు పసుపు పెట్టుడే గానీ నీళ్లు తగలనియ్యలే. ఎందుకో తెల్వదు గానీ, మీరు గూడ కడగకండి" అంది అత్తమ్మ.

నేను నవ్వాను. పసుపులో తేమ ఉంటుందనీ, తేమ వల్ల ఇనుము తుప్పు పడుతుందనీ, తేమ గురించి నాకంటే బాగా తెలిసినవాడు ఈ జిల్లాలోనే లేడనీ చెప్పాను. అత్తమ్మ చింతపండు తెచ్చి ఇచ్చింది. అల్లుడికి ఎదురు చెప్పకూడదన్న పెంపకం ఆమెది. ఆ పెంపకం ఆ రోజు నా కొంప ముంచింది.

చింతపండు గుజ్జు, బూడిద కలిపి గంటసేపు తోమాను. పసుపు పొరలు పొరలుగా ఊడింది. కింద ఇనుము నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంది. కల్లూరు హార్డ్‌వేర్ షాపు నుంచి తెచ్చిన సన్నరకం ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దడం మొదలుపెట్టాను. పిడి వెనక గీతలు మొండికేశాయి. నేనూ మొండికేశాను. సాయంత్రానికి గీత అన్నది లేకుండా చేసి, కొబ్బరినూనె పూసి ఎండలో పెడితే, కొత్త స్టీలు గ్లాసులా తళతళ మెరిసింది. మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "మా నాయన గూడ ఇంత సక్కగ చూసి ఉండడు" అన్నాడు. నా ఒళ్లు పొంగిపోయింది.

హైదరాబాదులో షాపు యజమాని తెల్లగడ్డం పెద్దమనిషి. ఉర్దూ, ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు. మామయ్యకు ఆ రెండూ రావు, దానికి తోడు చెవి మందం. ఆయన లైసెన్సు చూసి, మామయ్యకు సలాం చెప్పి కుర్చీ వేయించాడు. తర్వాత తువ్వాలు విప్పాడు. విప్పినవాడు విప్పినట్టే ఆగిపోయాడు.

"అరే భాయ్, యే క్యా కర్ దియా?"

ఇదేం చేశావన్న మాటను మెచ్చుకోలనుకుని "మైనే కియా", నేనే చేశాను అన్నాను, గుండె మీద చేయి వేసుకుని.

ఆయన తన ఫోను తీసి, నేను పంపిన ఫొటో పెద్దది చేసి నా ముందు పెట్టాడు. ఏటవాలుగా పడిన ఎండలో పిడి వెనక గీతలు కనిపిస్తున్నాయి. అవి గీతలు కావు, చేత్తో చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు. మొదటి వరసలో ఒక పేరు. తెల్లవాళ్లు రాసే వంకర స్పెల్లింగులో ఇంటిపేరుతో సహా ఉంది. మా పెళ్లి శుభలేఖలో నేను చూసిన పేరే అది, మామయ్య నాన్న పేరు. రెండో వరసలో కృతజ్ఞతతో అన్న ఒక్క మాట. దాని కింద రెండు పొడి అక్షరాలు, దొరవి కాబోలు.

షాపాయన గొంతు తగ్గించి చెప్పాడు. ఇలాంటి రివాల్వర్లు సైన్యానికి లెక్కలేనన్ని చేశారట, దేశంలో ఏ మూలన చూసినా దొరుకుతాయట. రివాల్వర్‌గా దీనికి విలువ ఏమీ లేదట. రాసిచ్చినవి మాత్రం తన నలభై ఏళ్ల వ్యాపారంలో మూడో నాలుగో చూశాడట, అవన్నీ రాజులకో జమీందారులకో ఇచ్చినవేనట. ఒక బండివాడి పేరు చెక్కించి ఇచ్చినది ఎప్పుడూ చూడలేదట. "అందుకే రమ్మన్నాను. ఈ అక్షరాల కోసమే. అవి ఏవి?" అని అడిగాడు.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పక్కనుంచి మామయ్య నా మోచేయి తట్టాడు.

"ఏమంటుండు?"

నేను చెప్పి ఉండాల్సింది. ఇందులో తిరకాసు ఏమీ లేదు, నిజం నా నాలుక చివరే ఉంది. 'మీ నాన్న పేరు ఉంది, నేను చెరిపేశాను' అంటే సరిపోయేది. మొదటి సగం చెప్పాలంటే రెండో సగం కూడా చెప్పాలి. అదే నావల్ల కాలేదు.

"మామూలు రకమేనట మామయ్యా."

"గుర్తులేం లేవంటనా?"

"లేవట."

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదని దారిలో నాకు నేనే చెప్పుకున్నాను. మామూలు రకమే, గుర్తులు ఆ క్షణానికి లేవు. న్యాయవాదిగా కూడా నాకు మంచి భవిష్యత్తు ఉండేది.

మామయ్య ఎవరికీ అమ్మనన్నాడు, తువ్వాలులో చుట్టేశాడు. సూర్యాపేటలో కారు ఆపి టీ తాగుదామంటే వద్దన్నాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నాడు.

"మా నాయన గూడ మనిషే గద. ఎత్తుకొచ్చినా ఎత్తుకొచ్చి ఉండొచ్చు. గా రోజులల్ల ఆకలి అసుంటిది."

నేను గేరు మార్చాను. డెబ్బై ఏళ్లు ఊరంతా ఒక్కటై నమ్మించలేని మాటను నేను ఒక్క పూటలో నమ్మించాను.

ఆ వారమే రివాల్వర్ అప్పజెప్పడానికి స్టేషన్‌కు వెళ్లాం. హోటల్ ముందు నుంచి వెళ్తుంటే "ఏందే, పెద్ద షాపోడు ఏమన్నడే?" అని ఎవరో కేకేశారు. మామయ్య కారు అద్దం ఎత్తమన్నాడు. ఆయన ఉతికిన చొక్కా కూడా వేసుకోలేదు, పొలానికి వేసుకునేదే వేసుకున్నాడు.

హెడ్ కానిస్టేబుల్‌కు మామయ్య బాగా తెలుసు. ఎన్నికలప్పుడల్లా ఆయన కథ విన్నవాడే. ఫారం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"చెప్పు తాతా, ఎట్లొచ్చింది నీకు? గిదే ఆఖరు సారి, మంచిగ చెప్పు, మొత్తం రాస్త."

మామయ్య బల్ల వైపు చూస్తూ అన్నాడు. "ఏమో సార్. మా ఇంట్ల ఉండె. ఎట్లొచ్చిందో మాకెరుక లేదు."

హెడ్ కానిస్టేబుల్ పెన్ను ఆపి నా వైపు చూశాడు. సిగ్గుతో ఏడుపొస్తుందని అంతకుముందు నాకు తెలియదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తప్పు ఒప్పుకునేటప్పుడు లేచి నిలబడటం స్కూల్లో అలవాటు చేశారు, ఇన్నేళ్లకు పనికొచ్చింది.

"అబద్ధం సార్. అబద్ధం నాది, ఆయనది కాదు" అని ఫోను తీసి ఫొటో చూపించాను. మామయ్యకు వినబడేలా గట్టిగా చెప్పాను. తుపాకీ మీద మీ నాన్న పేరు ఉండేది, దొరే చెక్కించి ఇచ్చాడు, షాపాయన పిలిచింది ఆ పేరు చూసే, దాన్ని ఉప్పుకాగితంతో రుద్దింది నేను, షాపులో మీకు చెప్పకుండా దాచింది కూడా నేనేనని.

మామయ్య ఫోను వైపు చూడలేదు. బల్ల మీది రివాల్వర్‌ను దగ్గరికి లాక్కుని, తిప్పి, పిడి వెనక బొటనవేలితో తడిమాడు.

"యాడ? యాడుంది?"

"ఇప్పుడు లేదు మామయ్యా."

తడుముతూనే ఉన్నాడు. నున్నగా మెరిసే ఆ చోటు మీద వేలు రెండు మూడు సార్లు పైకీ కిందికీ పోయింది. ఆ కాసేపు నేను ఎక్కడైనా మాయమైపోతే బాగుండుననిపించింది. చివరికి దాన్ని కింద పెట్టి, ఫోను వైపు చేయి చూపించాడు.

"చదువు."

చదివాను. పేరు, ఆ ఒక్క మాట, దాని అర్థం.

"మళ్ల చదువు."

మళ్లీ చదివాను. మూడోసారి ఫోను నా చేతిలోంచి తీసుకుని హెడ్ కానిస్టేబుల్‌కు ఇచ్చాడు. "జర నువ్వు చదువు సార్" అన్నాడు. నా చదువు మీద ఆయనకు నమ్మకం పోవడంలో వింతేమీ లేదు. హెడ్ కానిస్టేబుల్ కూడా అదే చదివాడు. అప్పుడు మామయ్య కళ్లు తుడుచుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎడ్లబండి దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. హెడ్ కానిస్టేబుల్ ఒక్క ముక్క వదలకుండా రాశాడు.

"గా పేరు వస్తువు మీద లేదు కద, చూసినోళ్ల సంతకం కావాలె" అన్నాడు తర్వాత. ఫొటో ప్రింటు తీయించి జతచేశాం. దాని కింద నా చేతిరాతతో రాసిచ్చాను. ఈ రివాల్వర్ మీద ఫలానా వారి పేరు చెక్కి ఉండగా ఫొటో తీశాననీ, అది గీతలనుకుని రుద్ది చెరిపింది నేనేననీ. పాత వస్తువుల నిపుణుడిగా నేను ఈ లోకానికి రాసిచ్చిన కాగితం అదొక్కటే.

బయటికొచ్చాక కారు తలుపు తీశాను. మామయ్య ఆగలేదు.

"నువ్వు పో. నేను ఆటోల వస్త."

అదే ఆయన నాతో అన్నది. రోడ్డు మీద ఊరి ట్రాలీ ఆటో ఆగి ఉంటే ఎక్కి, వెనక సీట్లో వెనక్కి ముఖం పెట్టి కూర్చున్నాడు. ఆయన్ని వదిలి ముందుకు పోలేక ఆటో వెనకే కారు నడిపాను. ఊరు ఏడు కిలోమీటర్లు. అంత దూరమూ మా ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగానే ఉన్నాయి. ఒక్కసారి కూడా ఆయన నన్ను చూడలేదు.

ఆటో హోటల్ ముందే ఆగింది. మామయ్య దిగాడు. పొద్దున అడిగినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. నేను కారు ఆపి, దిగాలో వద్దో తేల్చుకోలేక లోపలే కూర్చున్నాను. మామయ్య బెంచీ మీద కూర్చుని, చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.

"దొర మా నాయన పేరు చెక్కిచ్చి ఇచ్చిండ్రా. స్టేషన్ల రాసుకున్నరు. పోయి చూసుకోండ్రి."

ఒకాయన గ్లాసు దించి అడిగాడు. "గన్నేండ్లు లేంది, గా పేరు ఎవలు చదివిండ్రే?"

మామయ్య అప్పుడు మొదటిసారి కారు వైపు చేయి చూపించాడు.

"మా అల్లుడు చదివిండు. ముందుగాల చెరిపిండు, ఆనక చదివిండు!"

హోటల్ మొత్తం పగలబడి నవ్వింది. చాయ్ పోసే ఆయన గిన్నె దించి మరీ నవ్వాడు. ఆ తుపాకీ పేరు చెప్పి ఆ బెంచీల మీద ఎన్నో ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, కానీ అది మామయ్య నాన్న మీద కాకపోవడం అదే మొదలు. మామయ్య కూడా నవ్వాడు, కడుపు పట్టుకుని. నేను కారు దిగి, వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను.